కంపెనీ మోసం చేస్తే ఎవరిని పట్టుకోవాలి?

ఈసారి శీర్షికకు వచ్చిన ప్రశ్నలన్నీ కంపెనీల మీదే. కంపెనీ కేసులు, క్రిమినల్ కేసులు చూసే ఇద్దరు న్యాయవాదులు, ఒక చార్టర్డ్ అకౌంటెంట్ కలిసి జవాబులు రాశారు. పాఠకుల పేర్లు, వారు ఫిర్యాదు చేసిన సంస్థల పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: ఆరేళ్లకు డబ్బు రెట్టింపు, వద్దంటే ప్లాటు అని చెబితే మా అత్తగారు మా వీధి ఏజెంటు ద్వారా ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో విడతలుగా నాలుగున్నర లక్షలు కట్టారు. గడువు తీరాక మూడు చెక్కులు ఇచ్చారు. మొదటిది పోయిన వారం బౌన్సయింది. ఆఫీసుకు తాళం. "పోలీసుల దగ్గరికి వెళ్తే వచ్చేది కూడా రాదు, బాండ్లు ఇచ్చేయండి, వేరే వెంచర్‌లో ప్లాటు రాయిస్తా" అంటున్నాడు ఏజెంటు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: బాండ్లు ఇవ్వకండి. ఒక్క అసలు కాగితం కూడా చేయి దాటనివ్వకండి. బాండు వెనక్కిచ్చేసి ‘సెటిల్‌మెంట్’ అని రాసిన తెల్లకాగితం తెచ్చుకుంటే, రేపు బాధితుల జాబితా తయారైనప్పుడు మీ అత్తగారు డిపాజిటరు అని చూపడానికి ఏమీ మిగలదు. ఆ ‘వేరే వెంచర్’ చాలాసార్లు ఆ మనుషులదే ఇంకో కంపెనీ అయి ఉంటుంది. ఆ భూమి ఇప్పటికే బ్యాంకు తాకట్టులోనో, జప్తులోనో ఉండొచ్చు.

అన్నిటికంటే ముందు ముంచుకొచ్చే గడువు చెక్కుది. బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో అందిన రోజు నుంచి 30 రోజుల్లోగా లాయరు నోటీసు వెళ్లాలి. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు రాకపోతే, ఆ తర్వాత నెల రోజుల్లోగా మెజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయాలి. చెక్కు జమ చేసిన మీ ఖాతా ఏ ఊరి బ్రాంచిలో ఉందో ఆ కోర్టులోనే వేయొచ్చు, కంపెనీ ఉన్న ఊరికి తిరగక్కర్లేదు. మిగిలిన రెండు చెక్కులు కూడా వాటి మీదున్న తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయండి. "ఇప్పుడే వేయకండి, మేమే ఫోన్ చేస్తాం" అనే మాట ఆ మూడు నెలలూ దాటబెట్టడానికే. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా ఉన్నాయి. కేసు తేలకముందే 20 శాతం వరకు మధ్యంతర పరిహారం ఇప్పించమని 143ఏ సెక్షన్ కింద అడగొచ్చు.

కంపెనీ చెక్కుల కేసులు చాలావరకు ఒక్క పొరపాటుతోనే పోతాయి. సంతకం చేసిన డైరెక్టరు పేరిటే నోటీసిచ్చి, ఆయన మీదే ఫిర్యాదు వేస్తారు. చెక్కు కంపెనీ ఖాతాదైతే కంపెనీని ముద్దాయిగా చేర్చి తీరాలి. కంపెనీ లేకుండా డైరెక్టరు మీద కేసు నిలవదని అనీతా హాడా కేసులో సుప్రీంకోర్టు 2012లో తేల్చేసింది. సంతకం చేయని మిగతా డైరెక్టర్లనూ చేర్చాలంటే "చెక్కు బౌన్సయిన నాటికి కంపెనీ రోజువారీ వ్యవహారాలు నడిపింది వీరే" అని ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. ‘డైరెక్టరు కాబట్టి బాధ్యుడు’ అని రాస్తే చాలదు. మన హైదరాబాద్ కంపెనీ ఎస్ఎంఎస్ ఫార్మాస్యూటికల్స్ కేసులో 2005లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది.

ఆ ‘వీరే’ ఎవరో ఎలా తెలుస్తుంది? బాండు మీద గానీ లెటర్‌హెడ్ మీద గానీ 21 అక్షరాల సీఐఎన్ అనే నంబరు ఉంటుంది. మొదటి అక్షరం ఎల్ అయితే స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ, యు అయితే నమోదు కానిది. తర్వాతి ఐదంకెలు వ్యాపారం రకం, రెండక్షరాలు రాష్ట్రం, నాలుగంకెలు కంపెనీ పుట్టిన సంవత్సరం. ఆ తర్వాత వచ్చే మూడక్షరాలు మీకు ముఖ్యం. పీటీసీ అని ఉంటే ప్రైవేట్ కంపెనీ, పీఎల్‌సీ అని ఉంటే పబ్లిక్ కంపెనీ. చివరి ఆరంకెలు రిజిస్ట్రేషన్ నంబరు. ప్రైవేట్ కంపెనీకి బయటి జనం దగ్గర డిపాజిట్లు తీసుకునే హక్కే లేదు. కనీసం 100 కోట్ల నెట్‌వర్త్ గానీ 500 కోట్ల టర్నోవర్ గానీ ఉన్న పబ్లిక్ కంపెనీ మాత్రమే, అదీ బోలెడు షరతులతో, తీసుకోవచ్చు. అంటే మీ దగ్గరున్న రసీదు డబ్బు కట్టినదానికే కాదు, నేరానికి కూడా రుజువు.

ఆ నంబరుతో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ‘మాస్టర్ డేటా’ ఉచితంగా చూడొచ్చు. 100 రూపాయలు కడితే కంపెనీ దాఖలు చేసిన పత్రాలన్నీ తెరుచుకుంటాయి. ఉన్న కాసేపట్లో నాలుగు రకాలు దించుకోండి. డీఐఆర్-12లో ఎవరు ఎప్పుడు డైరెక్టరుగా చేరారో, ఎప్పుడు తప్పుకున్నారో ఉంటుంది. మీ అత్తగారు డబ్బు కట్టిన తేదీల పక్కన ఈ తేదీలు పెట్టి చూడండి. సంస్థ మునిగే ముందు అసలు మనుషులు దిగిపోయి, డ్రైవరునో దూరపు బంధువునో ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఉంటే ఇక్కడే బయటపడుతుంది. ఏఓసీ-4లో బ్యాలెన్స్ షీటు, ఆడిటరు సంతకం ఉంటాయి. మీ డబ్బు అందులో ‘అడ్వాన్సులు’గా కనిపిస్తుందో, అసలు కనిపించనే లేదో చూడండి. ఎంజీటీ-7లో వాటాదారులు, సీహెచ్‌జీ-1లో ఏ ఆస్తి ఏ బ్యాంకుకు తాకట్టు పెట్టారో ఉంటాయి.

ఇప్పుడు పోలీసు ఫిర్యాదు. చెక్కు కేసు ఒక్కటే వేసి ఊరుకుంటే కంపెనీ ఆస్తులు ఎవరో ఒకరి పేరిట మారిపోతాయి. ఆంధ్రలో 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం ఉంది, తెలంగాణలోనూ అదే అమల్లో ఉంది. దాని ప్రకారం ప్రభుత్వం ఆ సంస్థ ఆస్తులతో పాటు, డిపాజిట్ల సొమ్ముతో వేరేవాళ్ల పేరిట కొన్న ఆస్తులనూ జప్తు చేయొచ్చు. ప్రత్యేక కోర్టు ఆ జప్తును ఖాయం చేశాక అమ్మి డిపాజిటర్లకు పంచుతారు. 2019లో కేంద్రం తెచ్చిన అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టంలో డిపాజిట్ తీసుకున్నందుకే 2 నుంచి 7 ఏళ్లు, మోసపూరితంగా ఎగ్గొడితే 3 నుంచి 10 ఏళ్లు జైలు ఉంది. తెలిసి తెలిసి అబద్ధాలు చెప్పి జనాన్ని చేర్పించినవాళ్లకూ 5 ఏళ్ల వరకు శిక్ష ఉంది. మీ ఏజెంటుకు ఈ సంగతి ఒకసారి చెప్పండి. ఆయన సొంత డబ్బు కూడా పోయి ఉంటే, ముద్దాయిగా కంటే సాక్షిగా మీకు ఎక్కువ పనికొస్తాడు. ఆయన దగ్గరుండే కమీషన్ స్టేట్‌మెంట్లలో ఏ డబ్బు ఏ ఖాతాకు వెళ్లిందో ఉంటుంది.

ఫిర్యాదులో ‘మోసపోయాం, న్యాయం చేయండి’ అని రాస్తే స్టేషన్‌లో పక్కన పడేస్తారు. ఒక పట్టిక రాయండి. ఏ తేదీ, ఎంత, నగదా బ్యాంకా, రసీదు నంబరు, రసీదు మీద సంతకం ఎవరిది, ఆ రోజు డైరెక్టర్లెవరు. మీకు తెలిసిన కంపెనీ ఆస్తులు, అంటే వెంచర్ సర్వే నంబర్లు, ఆఫీసు భవనం, కార్ల నంబర్లు వేరే కాగితం మీద ఇచ్చి, తక్షణం జప్తు చేయమని అడగండి. భారతీయ న్యాయ సంహితలో 318(4), 316 సెక్షన్లతో పాటు పైన చెప్పిన రెండు చట్టాలూ ఎఫ్ఐఆర్‌లో ఉండేలా చూసుకోండి. ఒట్టి చీటింగ్ కేసైతే అరెస్టు, బెయిలుతో ఆగిపోతుంది, ఆస్తుల దాకా వెళ్లదు. ఎఫ్ఐఆర్ కట్టకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఆ రసీదుతో మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. మీలాంటివాళ్లు ఇంకో పాతికమంది ఉంటే ఎవరి పట్టిక వాళ్లు రాసుకుని ఒకే రోజు వెళ్లండి.

డబ్బు త్వరగా వస్తుందని మాత్రం చెప్పలేం. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ సుమారు 32 లక్షల ఖాతాల్లో 6,380 కోట్లు వసూలు చేసిందని దర్యాప్తులో తేలింది. 2019 నవంబరులో 10 వేల లోపు, 2021 ఆగస్టులో 20 వేల లోపు కట్టినవాళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఖజానా నుంచి చెల్లించింది. ఈడీ జప్తులో ఉన్న 3,339 కోట్ల ఆస్తులు బాధితుల కోసం విడుదల కావడానికి 2025 ఫిబ్రవరి వచ్చింది. జనం దగ్గర ఇలాగే డబ్బు వసూలు చేసిన పీఏసీఎల్ కంపెనీ విషయంలో సుప్రీంకోర్టు వేసిన లోధా కమిటీ కూడా చిన్న మొత్తాల నుంచే తిరిగివ్వడం మొదలుపెట్టింది. అక్కడ ఎన్నో దరఖాస్తులు ఆగిపోయింది పాన్ కార్డు మీద పేరుకూ, సర్టిఫికెట్ మీద పేరుకూ తేడా ఉండటం వల్ల. మీ అత్తగారి బాండు మీద ఇంటిపేరు ముందుందా, వెనకుందా, ఆధార్‌లో ఎలా ఉంది, ఈ రోజే చూసుకోండి. తేడా ఉంటే ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ తీసి బాండుతో కలిపి ఉంచండి.

ప్రశ్న: సత్యం కంప్యూటర్స్ కేసులో ఆరేళ్లకు శిక్ష వేశారు, నెల తిరిగేసరికి బెయిలిచ్చారు. పేదవాడు కోడిని దొంగిలిస్తే జైల్లో మగ్గుతాడు. కంపెనీ పేరుతో వేల కోట్లు మాయం చేస్తే శిక్ష ఎందుకు పడదు?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: ముందు సత్యం సంగతి సరిగ్గా చూద్దాం. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం ప్రకారం, పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందికి ఏడేళ్ల చొప్పున శిక్ష వేసింది. మే 11న సెషన్స్ కోర్టు అప్పీలు తేలేదాకా ఆ శిక్షను నిలిపేసి బెయిలిచ్చింది. అయితే తీర్పుకు ముందే విచారణ ఖైదీగా రాజు రెండేళ్లకు పైగా జైల్లో ఉన్నారు. కాబట్టి శిక్ష పడలేదనడం సరికాదు. నేరానికీ తీర్పుకూ మధ్య ఇన్నేళ్లు ఎందుకు పట్టిందన్నదే అడగాల్సిన ప్రశ్న.

అంత డబ్బు లేకుండానే ఉన్నట్టు ఏళ్ల తరబడి ఎలా చూపారు? ఇన్‌వాయిస్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ప్రత్యేక లాగిన్‌తో ఏడు వేలకు పైగా దొంగ బిల్లులు పుట్టించి మామూలు సిబ్బందికి కనపడకుండా దాచారు. ఆ బిల్లుల తాలూకు డబ్బు వచ్చినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు తయారుచేశారు. ఆడిటరు నేరుగా బ్యాంకుకు ఉత్తరం రాసి, జవాబు నేరుగా తన ఆఫీసుకే తెప్పించుకోవాలి. కంపెనీ చేతుల మీదుగా వచ్చిన కాగితాన్ని నమ్మకూడదు. ఆ ఒక్క పని పద్ధతిగా జరిగి ఉంటే ఈ గుట్టు మొదటి ఏడాదే బయటపడేది.

ఇక చట్టం. కంపెనీకి దేహం లేదు, జైల్లో పెట్టలేం. జైలు శిక్ష తప్పనిసరి అయిన నేరంలోనూ కంపెనీని విచారించి జరిమానా వేయొచ్చని స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. దాన్ని నడిపే మనుషుల దురుద్దేశమే కంపెనీ దురుద్దేశమని ఇరిడియం కేసులో 2010లో చెప్పింది. మరి తలకిందులుగా, కంపెనీ తప్పు చేస్తే దాని అధిపతి దానంతటదే ముద్దాయి అవుతాడా? కాడు. సునీల్ భారతీ మిత్తల్ కేసులో 2015లో ఈ సంగతి తేలింది. ఆ వ్యక్తి స్వయంగా, దురుద్దేశంతో చేసిన పనికి రుజువుండాలి, లేదా ‘బాధ్యుడు’ అని ఆ చట్టంలోనే రాసి ఉండాలి. ఈ సూత్రం న్యాయమైనదే. కానీ పెద్ద కంపెనీలో పెద్దమనిషి ఎక్కడా సంతకం పెట్టడు. ఆదేశం నోటిమాటగా కిందికి దిగి, చివరికి ఒక మేనేజరు పేరుతో కాగితమెక్కుతుంది. అందుకే బోర్డు మినిట్స్, ఈమెయిళ్లు, చెల్లింపుల ఆమోదాలు మొదటి రోజుల్లోనే స్వాధీనం చేసుకోవాలి. ఆరు నెలల తర్వాత వెళ్తే సర్వర్లు ఖాళీగా ఉంటాయి.

2013 కంపెనీల చట్టం 447 సెక్షన్‌లో మోసానికి 6 నెలల నుంచి 10 ఏళ్ల జైలు, మోసం చేసినంత మొత్తానికి తగ్గకుండా మూడింతల దాకా జరిమానా ఉన్నాయి. ప్రజాప్రయోజనం ముడిపడి ఉంటే కనీసం మూడేళ్లు. చదవడానికి పదునైన సెక్షనే. అయితే సీరియస్ ఫ్రాడ్ ఇన్వెస్టిగేషన్ ఆఫీసు డైరెక్టరో, కేంద్రం అధికారమిచ్చిన అధికారో ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు దాన్ని విచారణకు తీసుకోదు. నష్టపోయినవాడు నేరుగా తలుపు తట్టలేడు. పనికిమాలిన కేసులు ఆపడానికి ఈ గడియ అవసరమంటారు. ఏడాదిలోగా అధికారులు అవునో కాదో రాతపూర్వకంగా చెప్పాలన్న నిబంధన ఉండాలని మేము గట్టిగా నమ్ముతున్నాం. అది లేనంతకాలం బాధితులు న్యాయ సంహితలోని మోసం, నమ్మకద్రోహం, ఫోర్జరీ సెక్షన్ల మీదే ఆధారపడాలి.

ప్రశ్న: మా ఊరికి కిలోమీటరు దూరంలో మందుల ఫ్యాక్టరీ ఉంది. వానపడ్డ రాత్రుల్లో వాగులోకి వదులుతున్నారు. రెండేళ్లుగా బోరు నీళ్లు ఘాటు వాసన. కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు వచ్చే రోజు వాగు శుభ్రంగా ఉంటుంది. ఏ పరీక్ష చేయించాలి, ఎవరిని అడగాలి?
— రైతులు, సంగారెడ్డి జిల్లా

జవాబు: పటాన్‌చెరు, బొల్లారం పక్కనే నక్కవాగు కథ మీకు తెలిసే ఉంటుంది. అక్కడి కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు 2017లో హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయింది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. శుద్ధి చేశాక ఉన్న లెక్క అది. కాబట్టి వాసన, రంగు అని చెబితే చాలదు, అంకె కావాలి.

మొదట సమాచార హక్కు దరఖాస్తు. 10 రూపాయల ఫీజుతో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి వేసి, ఆ ఫ్యాక్టరీ నడపడానికి ఇచ్చిన అనుమతి అంటే ‘కన్సెంట్ ఫర్ ఆపరేషన్’, గత మూడేళ్ల తనిఖీ నివేదికలు, వ్యర్థజలాలు తీసుకెళ్లిన ట్యాంకర్ల మేనిఫెస్టులు, అంటే రవాణా చీటీలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. పర్యావరణ అనుమతి లేఖ, ఆరు నెలలకోసారి కంపెనీ ఇచ్చే నివేదిక కేంద్రం ‘పరివేష్’ వెబ్‌సైటులో దొరకాలి. కన్సెంట్‌లో ‘జీరో లిక్విడ్ డిశ్చార్జ్’, అంటే చుక్క వ్యర్థజలం కూడా బయటికి వదలకూడదు అని ఉంటే ఇక పరిమితుల గొడవే లేదు, వాగులోకి ఒక్క బకెట్టు వదిలినా ఉల్లంఘనే. రోజుకు ఇన్ని కిలోలీటర్లు పుడతాయని కన్సెంట్‌లో ఉంటుంది, ఇన్ని ట్యాంకర్లు వెళ్లాయని మేనిఫెస్టుల్లో ఉంటుంది. ఆ రెండూ కూడి చూడండి. తేడా వచ్చిన నీళ్లు ఎక్కడికి పోయాయన్నదే మీ కేసు.

బోరు నీటి నమూనాకు పద్ధతి ఉంది. మోటారు 10 నిమిషాలు ఆడనిచ్చి, రెండు లీటర్ల కొత్త ప్లాస్టిక్ క్యాను అదే నీటితో మూడుసార్లు కడిగి నింపాలి. ఘాటు వాసన ద్రావకాలదైతే ప్లాస్టిక్‌లో పట్టిన నమూనా పనికిరాదు. ప్రయోగశాల ఇచ్చే చిన్న గాజు సీసాలో గాలి బుడగ లేకుండా అంచు దాకా నింపి మూత బిగించాలి. గాలి మిగిలితే ఆ రసాయనం అందులోకి ఎగిరిపోయి రిపోర్టులో ఏమీ లేనట్టే వస్తుంది. ఐసు పెట్టెలో పెట్టి 24 గంటల్లోగా ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుకు చేర్చండి. పీహెచ్, టీడీఎస్, సీఓడీ, క్లోరైడ్లు, భార లోహాలు, ఆవిరయ్యే కర్బన ద్రావకాలు రాయించండి. ఫ్యాక్టరీకి ఎగువనున్న ఒక బోరు నీళ్లు కూడా అదే రోజు పంపాలి. పోల్చడానికి అది లేకపోతే "ఈ నేల గుణమే అంత" అని కంపెనీ లాయరు ఒక్క మాటతో కొట్టేస్తాడు.

అయితే మీరు తీసిన నమూనాతో కంపెనీకి శిక్ష పడదు. జల చట్టం 21 సెక్షన్ ప్రకారం మండలి అధికారి ఫ్యాక్టరీవాళ్లకు అక్కడికక్కడే నోటీసిచ్చి, వాళ్ల ఎదుట వ్యర్థజలం పట్టి, రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు చేయాలి. ఇందులో ఒక్క మెట్టు తప్పినా కేసు కొట్టేస్తారు. మీ రిపోర్టు ఆ అధికారిని రప్పించడానికీ, ట్రిబ్యునల్‌ను కదిలించడానికీ. తనిఖీ రోజు ఊళ్లోంచి ఇద్దరు వెళ్లి సీళ్లు, సంతకాలు పడ్డాయో లేదో చూడండి.

జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది, ఆన్‌లైన్‌లో వేయొచ్చు. పరిహారం కోసమైతే కారణం పుట్టిన ఐదేళ్లలోపు 15 సెక్షన్ కింద, కాలుష్యం ఆపించడానికైతే ఆరు నెలల్లోపు 14 సెక్షన్ కింద. ఆరు నెలల గడువు చాలామంది పోగొట్టుకుంటారు. వాగులోకి వదిలిన ప్రతి కొత్త ఘటనకూ తేదీ రాసుకుని, ట్యాంకరు నంబరుతో ఫొటో తీసి, అదే రోజు మండలికి ఫిర్యాదు పంపండి.

కంపెనీ తప్పు చేసిందని మీరు నిరూపించక్కర్లేదు. 1985 డిసెంబరులో ఢిల్లీలో ఓలియం వాయువు లీకయ్యాక, ప్రమాదకర పరిశ్రమ ఎంత జాగ్రత్త పడ్డానన్నా జరిగిన నష్టానికి పూర్తి బాధ్యత దానిదేనని సుప్రీంకోర్టు చెప్పింది. హరిత ట్రిబ్యునల్ చట్టంలోనూ ఆ సూత్రం ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైతే, మర్నాడే 50 కోట్లు జమ చేయమని కంపెనీని ట్రిబ్యునల్ ఆదేశించింది అందుకే. ట్యాంకు వేడిని అడుగు భాగంలోనే కొలవడం, స్టైరీన్ తనంతట తాను వేడెక్కి చిక్కబడకుండా ఆపే రసాయనం చాలినంత లేకపోవడం, సాయంత్రం చల్లదనం యంత్రం ఆపేయడం, సైరన్ మోగించకపోవడం ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ నివేదికలో ఉన్నాయి. మృతుల కుటుంబాలకు అందిన కోటి రూపాయలు మాత్రం రాష్ట్ర ప్రభుత్వానివి, అంటే మన పన్నులవి.

క్రిమినల్ వైపు దారి ఇరుకు. భోపాల్‌లో 1984 డిసెంబరు 2 రాత్రి జరిగిన ఘోరానికి 2010 జూన్ 7న పడిన శిక్ష రెండేళ్లు. 1996లోనే సుప్రీంకోర్టు అభియోగాన్ని నిర్లక్ష్యంతో మరణానికి తగ్గించింది, దానికి అంతకు మించి శిక్ష లేదు. పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఐదేళ్ల వరకు ఉన్న జైలును కూడా 2024 ఏప్రిల్ నుంచి తీసేసి 10 వేల నుంచి 15 లక్షల జరిమానా పెట్టారు. 15 లక్షలు పెద్ద ఫ్యాక్టరీకి కొన్ని ట్యాంకర్ల అద్దె. ఈ మార్పు తప్పని మా అభిప్రాయం.

ప్రశ్న: జీతంలో పీఎఫ్ కోస్తున్నారు, ఉమంగ్ పాస్‌బుక్‌లో తొమ్మిది నెలలుగా ఏమీ పడలేదు. అడిగితే కంపెనీ నష్టాల్లో ఉందంటున్నారు.
— ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: కోసిన మీ వాటా కంపెనీది కాదు, నష్టాల మాట దానికి వర్తించదు. తర్వాతి నెల 15లోగా కట్టాలి. కోసి కట్టకపోతే న్యాయ సంహిత 316 సెక్షన్ వివరణ ప్రకారం అది నమ్మకద్రోహం. కోత కనిపించే పే స్లిప్పులు, ఆ నెలల్లో ఖాళీగా ఉన్న పాస్‌బుక్ పేజీలు పక్కపక్కన పెట్టి పీఎఫ్ సంస్థ ఫిర్యాదుల పోర్టల్‌లో వేయండి. పే స్లిప్పులు కంపెనీ మెయిల్లోనే ఉంటే, లాగిన్ పోకముందే సొంత ఈమెయిలుకు పంపుకోండి. కంపెనీ దివాలా తీసినా పీఎఫ్ బకాయి లిక్విడేషన్ ఆస్తుల్లో కలవదు, అప్పులవాళ్లు దాన్ని పంచుకోలేరు.

ప్రశ్న: సత్యం షేర్లలో అమెరికావాళ్లకు పరిహారం వచ్చింది, మాకు రాలేదు. ఇప్పుడైనా మన చట్టంలో దారి ఉందా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అమెరికాలో సత్యం షేర్లకు ప్రతిగా అమ్మిన రసీదులు కొన్నవాళ్లు న్యూయార్క్‌లో సామూహిక దావా వేశారు. 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లకు, ఆడిట్ సంస్థ 2.55 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి. మన దగ్గర అప్పటికి అలాంటి దావాకు చట్టమే లేదు. కంపెనీల చట్టం 245 సెక్షన్ 2016 జూన్ నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద సామూహిక దావా వేయాలంటే వాటాదారుల్లో 5 శాతం మంది లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది కలవాలి. మనుషులు దొరక్కపోతే లిస్టెడ్ కంపెనీలో 2 శాతం వాటా ఉన్నవాళ్లు కలిస్తే చాలు. డిపాజిటర్లు కూడా 100 మంది కలిసి వెళ్లొచ్చు. కంపెనీ మీద, డైరెక్టర్ల మీద, ఆడిట్ సంస్థ మీద కూడా నష్టపరిహారం అడగొచ్చు. హైదరాబాద్‌లో, అమరావతి పేరిట కంపెనీ లా ట్రిబ్యునల్ బెంచీలున్నాయి. బ్యాంకింగ్ కంపెనీల మీద ఈ సెక్షన్ వాడలేరు. ఆచరణలో ఇవి బాగా తక్కువ. ఒకరికొకరు తెలియని వందమందిని కూడగట్టడం, ఏళ్లపాటు లాయరు ఖర్చు భరించడం చిన్న మదుపరి వల్ల అయ్యే పని కాదు. విడి సమస్యకు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఫిర్యాదుల పోర్టల్ ‘స్కోర్స్’లో ఏడాదిలోపు ఫిర్యాదు చేయండి, కంపెనీ 21 రోజుల్లో జవాబివ్వాలి.

ప్రశ్న: మాకు బాకీ ఉన్న కంపెనీ పేరును రిజిస్టరు నుంచి కొట్టేశారట. ఇక అంతేనా?
— ఒక వ్యాపారి, నెల్లూరు

జవాబు: కాదు. పేరు కొట్టేసినా డైరెక్టర్ల బాధ్యత అలాగే ఉంటుందని 248(7) చెబుతోంది. అప్పిచ్చినవాళ్లు 20 ఏళ్లలోపు 252 కింద ట్రిబ్యునల్‌ను అడిగి కంపెనీని తిరిగి రిజిస్టరు ఎక్కించవచ్చు. బాకీకి మాత్రం మామూలు మూడేళ్ల గడువు నడుస్తూనే ఉంటుంది, అది దాటనివ్వకండి.

ప్రశ్న: ప్రీలాంచ్ ఆఫర్‌లో ఫ్లాటుకు 38 లక్షలు కట్టాం. నాలుగేళ్లయింది, పునాది కూడా లేదు. బిల్డరు దివాలాకు వెళ్తున్నాడని వింటున్నాం.
— ఒక దంపతులు, మియాపూర్

జవాబు: 500 చదరపు మీటర్లకు మించిన స్థలం గానీ ఎనిమిదికి మించి ఫ్లాట్లు గానీ ఉంటే, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడమే నేరం. రిజిస్టర్డ్ ఒప్పందం లేకుండా 10 శాతానికి మించి తీసుకోవడమూ ఉల్లంఘనే. వడ్డీతో సహా వాపసుకు 18 సెక్షన్ కింద రెరాలో వెంటనే వేయండి. ఆదేశం వచ్చాక వసూలు కలెక్టరు ద్వారా భూమి శిస్తు బకాయిలా జరగాలి, అక్కడే నెలలు గడిచిపోతాయి. రెరా ఆదేశంతో పాటు బిల్డరు ఆస్తుల సర్వే నంబర్లు కూడా తహసీల్దారు చేతిలో పెడితేనే కదులుతుంది.

దివాలా ప్రక్రియ మొదలైతే మారటోరియం పడుతుంది, కంపెనీ మీద మిగతా కేసులు ఆగిపోతాయి. డైరెక్టర్ల మీద క్రిమినల్ కేసులు ఆగవు. కొత్త యజమాని చేతికి పోయాక పాత నేరాల నుంచి కంపెనీ బయటపడుతుంది కానీ, ఆ నేరం చేసిన వ్యక్తులు బయటపడరని దివాలా కోడ్ 32ఏ సెక్షన్‌లో ఉంది. అందుకే చీటింగ్ ఫిర్యాదులో కంపెనీ పేరొక్కటే రాసి వదిలేయకండి. బ్రోషరు మీద, రసీదు మీద, ఒప్పందం మీద సంతకం చేసినవాళ్ల పేర్లు రాయండి.

ఇల్లు కొన్నవాళ్లు దివాలా కోడ్‌లో ఫైనాన్షియల్ క్రెడిటర్లు, అంటే బ్యాంకుల్లాగే అప్పిచ్చినవాళ్ల లెక్క. పేపర్లో ప్రకటన రాగానే ఫారం సీఏ నింపి, చెల్లించిన ప్రతి విడతకూ బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి, ప్రకటనలో ఇచ్చిన గడువులోగా దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు పంపాలి. రెరాలో కేసుంది కదా అని ఇది వేయకుండా ఊరుకుంటే, డబ్బు పంచే జాబితాలో మీ పేరే ఉండదు. నగదుగా ఇచ్చిన భాగానికి రసీదు లేకపోతే, ఆ రోజు బ్యాంకు నుంచి తీసిన మొత్తం, బిల్డరు మనిషితో నడిచిన వాట్సాప్ సందేశాలు జతచేయండి. ఆ ఫోను మార్చినా పారేయకండి.